గావుపాలిక: పాలన, జనసంఖ్య – నేపాల్‌లోని సింజా లోయ ఆధారంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం

2015 నాటి రాజ్యాంగాన్ని అనుసరించి 2017లో నేపాల్‌లో ఏర్పడిన గ్రామీణ స్థానిక ప్రభుత్వానికి గావుపాలిక అని పేరు. నేపాలీ భాషకు జన్మస్థానంగా ప్రసిద్ధి పొందిన జుమ్లా జిల్లా సింజా లోయను ప్రధానంగా దృష్టిలో ఉంచుకొని, గ్రామస్థాయి అధికారం పన్నుజాబితా నుండి ఎన్నికైన సభ వరకు సాగిన క్రమాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 1911 నుండి జరుగుతున్న జనగణనలలో గ్రామీణుడు ఏ రూపంలో లెక్కకు వచ్చాడో, ఆ లెక్క అతని హక్కులను ఎట్లా నిర్ణయించిందో చర్చిస్తుంది.

కీలకపదాలు: గావుపాలిక, సింజా, జుమ్లా, కర్ణాలీ, ఖస్ భాష, జనగణన, వలస, స్థానిక పాలన

1. పేరు గురించి

నేపాల్ స్థానిక వ్యవస్థను ఆంగ్లంలో చదివేవారికి మొదట ఎదురయ్యే పదబంధం ‘రూరల్ మునిసిపాలిటీ’. దీనిని మాటకు మాటగా తెలుగు చేస్తే ‘గ్రామీణ పురపాలక సంఘం’ అవుతుంది. గ్రామమూ పురమూ ఒకే సమాసంలో చేరి అర్థం తారుమారవుతుంది. నేపాలీ మూలపదంలో ఈ చిక్కు లేదు. ‘గావు’ అంటే ఊరు. ‘పాలిక’ అంటే పాలించే సంస్థ. నగరానిది నగరపాలిక, పల్లెలది గావుపాలిక. ఇందులో పాలిక అనేది రెంటికీ సమానమైన హోదా. చట్టం దృష్టిలో నగరపాలికకు ఉన్న రాజ్యాంగాధికారాలే గావుపాలికకూ ఉన్నాయి. ఆంగ్లానువాదం మరుగుపరచిన ఈ సమానత్వమే 2015 రాజ్యాంగం తెచ్చిన అసలైన మార్పు. అందువల్ల ఈ వ్యాసంలో మూలపదాన్నే వాడుతున్నాను.

ప్రస్తుతం నేపాల్‌లో 753 స్థానిక ప్రభుత్వాలున్నాయి. వీటిలో 6 మహానగరపాలికలు, 11 ఉపమహానగరపాలికలు, 276 నగరపాలికలు, 460 గావుపాలికలు. ఇవన్నీ 7 ప్రదేశ్‌లలో, 77 జిల్లాలలో విస్తరించి ఉన్నాయి. ప్రదేశ్ అంటే మన రాష్ట్రం వంటిది. విస్తీర్ణంలో అన్నింటికంటే పెద్దది, జనాభాలో అన్నింటికంటే చిన్నది కర్ణాలీ ప్రదేశ్. దానిలోని 10 జిల్లాలలో జుమ్లా ఒకటి. జుమ్లాలో చందన్‌నాథ్ అనే ఒక నగరపాలికతో పాటు సింజా, కనకాసుందరీ, హిమా, తిలా, గుఠీచౌర్, తాతోపానీ, పాతారాసీ అనే ఏడు గావుపాలికలున్నాయి. ఈ పేర్లలో ఎక్కువభాగం నదులవి, పర్వతాలవి, దేవతలవి. పాత గ్రామ విభాగాలను కలిపినప్పుడు ఏ ఒక్క ఊరి పేరు పెట్టినా తక్కిన ఊళ్ళు అలగుతాయి. అందుకని అందరికీ చెందిన నదినో దేవతనో ఆశ్రయించడం నేపాల్ అంతటా కనిపించే ఉపాయం. సింజా విషయంలో ఆ అవసరం కలగలేదు. ఆ పేరు వెనుక ఒక రాజ్యమే ఉంది.

2. సింజా: రాజధాని నుండి సరిహద్దు పల్లెకు

పన్నెండవ శతాబ్ది నుండి పద్నాలుగవ శతాబ్ది చివరివరకు పశ్చిమ నేపాల్‌ను, పశ్చిమ టిబెట్‌లోని గుగే, పురాంగ్ ప్రాంతాలను ఏలిన ఖస్ రాజ్యానికి సింజా రాజధాని. ఈ వంశక్రమం ప్రధానంగా దుల్లూలో పృథ్వీమల్లుడు శకం 1279లో, అంటే క్రీ.శ. 1357లో, నిలిపిన కీర్తిస్తంభం వల్ల తెలుస్తున్నది. వంశమూలపురుషుడైన నాగరాజు సింజాలో స్థిరపడిన సంగతి అందులో ఉంది. ఇటాలియన్ పండితుడు జుసెప్పె తుచ్చి 1956లో ప్రకటించిన నివేదికతో ఈ శాసనం ప్రపంచ విద్వాంసుల దృష్టికి వచ్చింది. అదే కాలంలో యోగి నరహరినాథ్ కర్ణాలీ ప్రాంతపు శాసనాలను, తామ్రపత్రాలను ఊరూరా తిరిగి సేకరించాడు. ఈ రాజులలో రిపుమల్లుడు 1312లో లుంబినీ ప్రాంతాన్ని దర్శించి అక్కడి అశోకస్తంభం మీద తన పేరు చెక్కించుకున్నాడు. హిమాలయాల కొండలోయలో కూర్చొని మైదానాన్నీ టిబెట్‌నూ ఒకేసారి చూడగలిగిన రాజ్యం ఇది.

ఈనాటి నేపాలీ భాషకు పూర్వరూపం ఈ రాజ్యపు శాసనాలలో, దానపత్రాలలో కనిపిస్తుంది. ఖస్ కురా, పర్బతియా, గోర్ఖాలీ వంటి అనేక నామాలతో పాటు ఆ భాషకు ‘సింజాలీ’ అనే పేరు కూడా ఉంది. సత్యమోహన్ జోషి నాయకత్వంలో ఒక పరిశోధక బృందం ఈ లోయకు వెళ్ళి భాష, చరిత్ర, సమాజం, సాహిత్యం అనే విభాగాలుగా పనిచేసి ‘కర్ణాలీ లోక్ సంస్కృతి’ అనే ఐదు సంపుటాల గ్రంథాన్ని 1971లో వెలువరించింది. ఆ బృందంలో బిహారీ కృష్ణ శ్రేష్ఠ జుమ్లాలోని దియార్‌గావ్ ఠకురీల సామాజిక జీవనాన్ని వర్ణించాడు. పల్లెపాలన చరిత్రకు ఈ రచన నేటికీ విలువైన ఆధారం. ఊరిపెద్ద అధికారం చట్టంలో ఎట్లా ఉన్నదన్న దానికన్నా, వంశంలో, భూమిలో, అప్పులో ఎట్లా వేళ్ళూనుకొని ఉన్నదో అటువంటి గ్రంథాలే చెప్పగలవు.

ఖస్ రాజ్యం కూలిన తరువాత పశ్చిమాన ‘బాయిసే’ అనబడే ఇరవైరెండు చిన్నరాజ్యాలు వెలిశాయి. వాటిలో కల్యాల్ వంశం ఏలిన జుమ్లా బలమైనది. 1789లో గోర్ఖా సైన్యం జుమ్లాను జయించింది. ఆనాటి నుండి సింజా ఒక కేంద్రానికి దూరపు అంచుగా మారింది. రాజధాని అయిన ఊరు రాజధానికి అందని ఊరుగా మారడమనే ఈ విపర్యాసం తరువాతి పాలనచరిత్ర అంతటినీ నడిపించింది.

3. పన్నుజాబితా, ఊరిపెద్ద

గోర్ఖా రాజ్యానికి, 1846 తరువాత రాణాల ప్రభుత్వానికి గ్రామం అంటే మొట్టమొదట పన్ను వచ్చే చోటు. పశ్చిమ కొండలలో నీటి వసతి ఉన్న వరిపొలాల పన్నును జిమ్మావాల్, మెట్టభూముల పన్నును ముఖియా వసూలుచేసేవారు. తరాయి మైదానంలో జిమీదార్, పట్వారీ ఉండేవారు. పట్వారీ అన్న మాట నిజాం రాజ్యంలో పుట్టి పెరిగిన తెలంగాణ పాఠకుడికి పరిచితమే. పారసీక రెవెన్యూ పదజాలం ఉత్తరాన హిమాలయపాదం వరకు, దక్షిణాన గోదావరీ తీరం వరకు ఒకేలా పాకింది.

పన్నుతో పాటు శ్రమ కూడా రాజ్యానికి చెందినదే. ‘ఝారా’ పేరుతో వెట్టి, ‘హులాక్’ పేరుతో ప్రభుత్వపు ఉత్తరాలను, సరుకులను మోసే బాధ్యత గృహాల మీద ఉండేవి. రోడ్డులేని జుమ్లా వంటి ప్రదేశంలో హులాక్ చిన్న భారం కాదు. భారానికి తాళలేక రైతులు ఊళ్ళు విడిచిపోవడం, పన్ను తగ్గించమని విన్నపాలు పంపడం ఆనాటి ప్రభుత్వపత్రాలలో తరచూ కనిపించే విషయాలు. నేపాల్ భూవ్యవస్థ మీద మహేశ్‌చంద్ర రెగ్మీ జీవితకాలమంతా చేసిన కృషి వల్లనే ఈ పత్రాలు నేటి పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. ఆయనకు 1977లో రామన్ మెగసెసే పురస్కారం లభించింది. ఆయన రచనలు చదివినప్పుడు ఒక సంగతి స్పష్టమవుతుంది. జనం పారిపోవడమే ఆ కాలంలో పల్లె చేయగలిగిన నిరసన. ఖాళీ అయిన ఇల్లే రాజ్యానికి అర్థమయ్యే భాష.

1854 నాటి ములుకీ ఐన్ అనే ధర్మశాస్త్ర సంహిత జనాన్ని జంధ్యధారులుగా, మతవాలీలుగా, నీరు ముట్టరానివారుగా శ్రేణులుగా విభజించి శిక్షలను సైతం కులాన్ని బట్టి నిర్ణయించింది. 1963లో వచ్చిన కొత్త సంహిత ఈ శ్రేణులను తొలగించింది. అయినా ఊరిలో ముఖియా ఇంటి వాకిలి ఎవరికి ఎంతవరకు తెరచుకోవాలో ఒక్క చట్టంతో మారలేదు.

1960 డిసెంబరు 15న మహేంద్ర రాజు ఎన్నికైన ప్రభుత్వాన్ని రద్దుచేసి, 1962 రాజ్యాంగంతో పంచాయత్ వ్యవస్థను నెలకొల్పాడు. దేశం 14 అంచలాలుగా, 75 జిల్లాలుగా విభజింపబడింది. 1964 భూమి చట్టం పన్ను వసూలు చేసే మధ్యవర్తుల పాత్రను క్రమంగా అంతం చేసింది. గ్రామపంచాయత్‌కు ప్రధాన్ పంచ్ అధిపతి. పార్టీలు నిషిద్ధం. అనేక కొండగ్రామాలలో నిన్నటి ముఖియా కుటుంబమే నేటి ప్రధాన్ పంచ్ కుటుంబం కావడం సహజంగానే జరిగింది. పన్నుపుస్తకం చేతిలో ఉన్నవాడే ఓటు వేసేవారి పేర్లు కూడా ఎరిగినవాడు.

4. సమితి, యుద్ధం, ఖాళీ కుర్చీ

1990 ప్రజాఉద్యమం తరువాత గ్రామపంచాయత్ ‘గావు వికాస్ సమితి’ అయింది. ఒక్కొక్క సమితికి 9 వార్డులు. 1994లో అధికారానికి వచ్చిన మన్‌మోహన్ అధికారి ప్రభుత్వం ‘మన ఊరిని మనమే నిర్మించుకుందాం’ అనే అర్థం వచ్చే నినాదంతో ఒక్కొక్క సమితికి 3 లక్షల రూపాయలు నేరుగా ఇచ్చింది. మొత్తం చిన్నదే. కాని ఊరు తన ఖర్చును తానే నిర్ణయించుకోవడం కొండప్రాంతాలకు కొత్త. ఆ ప్రభుత్వం ఏడాది కూడా నిలవలేదు, పద్ధతి మాత్రం నిలిచింది. 1997 ఎన్నికలలో ప్రతి వార్డులోను ఒక మహిళకు స్థానం కేటాయించారు. 1999లో స్థానిక స్వాయత్త శాసన చట్టం వచ్చింది.

చట్టం వచ్చేనాటికే కొండలలో మావోయిస్టు యుద్ధం మొదలై మూడేళ్ళు గడిచింది. సమితి కార్యాలయాలు ఆ యుద్ధంలో తొలి లక్ష్యాలయ్యాయి. రాజ్యం పల్లెలో కనిపించే ఏకైక కట్టడం అదే. 2002 జూలైలో ఎన్నికైన సంస్థల గడువు ముగిసింది. మళ్ళీ ఎన్నికలు జరగలేదు. 2002 నవంబరులో జుమ్లా జిల్లాకేంద్రమైన ఖలంగా మీదనే భారీ దాడి జరిగింది. సమితి కార్యదర్శులు జిల్లాకేంద్రాలకు తరలిపోయారు. పుట్టుక నమోదుకో, సిఫారసు ఉత్తరానికో పల్లెవాసి రోజుల తరబడి నడిచి కార్యదర్శిని వెతుక్కోవలసి వచ్చేది.

2006లో యుద్ధం ముగిసినా కుర్చీలు నిండలేదు. పార్టీల ప్రతినిధులతో ఏర్పడిన ‘సర్వదళీయ సంయంత్రం’ కొంతకాలం గ్రామనిధులను నడిపింది. అవినీతి ఆరోపణల మధ్య 2012లో అదీ రద్దయింది. 2002 నుండి 2017 వరకు పదిహేను సంవత్సరాలు నేపాల్ పల్లెకు ఎన్నికైన ప్రతినిధి లేడు. 1997లో ఓటు వేసినవాని కొడుకు పెరిగి పెద్దవాడై, పెళ్ళి చేసుకొని, పనికై దేశం దాటి వెళ్ళిన తరువాత గాని తరువాతి స్థానిక ఎన్నిక రాలేదు. గావుపాలికను అంచనా వేసేటప్పుడు ఈ శూన్యకాలాన్ని తరచూ విస్మరిస్తారు. దాని లోపాలలో సగం అనుభవలోపాలు. ఆ అనుభవం పొందవలసిన తరానికి అవకాశమే దొరకలేదు.

5. గావుపాలిక నిర్మాణం

2015 సెప్టెంబరు 20న అమలులోకి వచ్చిన రాజ్యాంగం సంఘ, ప్రదేశ్, స్థానిక అనే మూడు స్థాయిల ప్రభుత్వాలను గుర్తించింది. బాలానంద పౌడేల్ అధ్యక్షతన 2016లో ఏర్పడిన పునర్నిర్మాణ ఆయోగం సరిహద్దులు గీసింది. అది తొలుత 565 స్థానిక ప్రభుత్వాలు చాలుననుకున్నది. రాజకీయ ఒత్తిడులతో నివేదికలో సంఖ్య 719 అయింది. ప్రభుత్వం దానిని 744 చేసి 2017 మార్చి 10న, విక్రమ సంవత్ 2073 ఫాల్గుణం 27న, ప్రకటించింది. అదే ఏడాది అది 753కు చేరింది. మూడువేలకు పైగా ఉన్న గ్రామ వికాస సమితులు దీనితో రద్దయ్యాయి. పాత సమితులు చాలాచోట్ల కొత్త పాలికలలో వార్డులుగా మిగిలాయి. జుమ్లాతో సహా నాటి ఆరవ ప్రదేశ్ మొదటి విడతలో, మే 14న, ఓటు వేసింది. తరువాతి ఎన్నికలు 2022 మే 13న దేశమంతటా ఒకేరోజు జరిగాయి.

గావుపాలికకు అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ప్రత్యక్షంగా ఎన్నికవుతారు. ప్రతి వార్డుకు ఒక అధ్యక్షుడు, నలుగురు సభ్యులు. ఆ నలుగురిలో ఇద్దరు మహిళలు, వారిలో ఒకరు దళిత మహిళ కావాలి. వీరందరూ కలిసినది గావుసభ. అది శాసనసభ. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, వార్డు అధ్యక్షులు, సభ ఎన్నుకొనే నలుగురు మహిళలు, దళిత లేదా అల్పసంఖ్యాక వర్గాల నుండి ఇద్దరు కలిసినది కార్యపాలిక. కాలపరిమితి ఐదేళ్ళు. రాజ్యాంగం ఎనిమిదవ అనుసూచి 22 అధికారాలను స్థానిక స్థాయికే ఇచ్చింది. మాధ్యమిక విద్య వరకు బోధన, ప్రాథమిక ఆరోగ్యం, గ్రామరహదారులు, చిన్న నీటిపారుదల, భూయాజమాన్య పత్రాల పంపిణీ వాటిలో ఉన్నాయి.

217వ అధికరణం ప్రకారం ఉపాధ్యక్షుని సంయోజకత్వంలో ముగ్గురు సభ్యుల న్యాయిక సమితి పనిచేస్తుంది. 2017 స్థానిక ప్రభుత్వ నిర్వహణ చట్టం 13 రకాల వివాదాలలో తీర్పు చెప్పే అధికారాన్ని, మరో 11 రకాలలో రాజీ కుదిర్చే అధికారాన్ని దానికి ఇచ్చింది. పొలంగట్టు, కాలువనీరు, కూలి బకాయి, ముసలివారి పోషణ వంటివి ఇక్కడికి వస్తాయి. ఒకే పార్టీ రెండు పదవులకూ అభ్యర్థులను నిలిపితే ఒకరు మహిళ కావాలన్న నియమం వల్ల 2017లో ఉపపదవులలో అత్యధికభాగం మహిళలకు దక్కింది. ఫలితంగా చదువుకొనే అవకాశం అంతంతమాత్రంగా ఉన్న కొండపల్లెలలో న్యాయాసనం మీద మహిళ కూర్చుంది. ఇది నిబంధన రచయితలు పూర్తిగా ఊహించి చేసినదని నేను అనుకోను. పార్టీలు మొదటి పదవిని పురుషులకు అట్టిపెట్టుకోవడం వల్ల వచ్చిన ఫలితం ఇది. 2022లో పార్టీలు కూటములు కట్టి పదవులను చెరొకటి పంచుకున్నప్పుడు నియమం వర్తించలేదు, మహిళల సంఖ్య తగ్గింది. నియమంలోని సందును పార్టీలు ఒక్క ఎన్నిక తిరిగేలోగా కనిపెట్టాయి.

దళిత మహిళాస్థానం గురించి మరొక మాట. 2017లో దేశం మొత్తం మీద వందకు పైగా వార్డులలో ఈ స్థానానికి అభ్యర్థి లేక ఖాళీగా మిగిలింది. కొన్నిచోట్ల దళిత కుటుంబాలే లేవు. కర్ణాలీలో పరిస్థితి వేరు. అక్కడ దళిత జనాభా గణనీయం. స్థానం నిండింది. నిండిన స్థానానికి సభలో మాట ఎంత దక్కిందన్నది సంఖ్యలు చెప్పవు.

నిధుల సంగతి క్లుప్తంగా చెప్పాలి. సమానీకరణ, సశర్త, సమపూరక, విశేష అనే నాలుగు రకాల అనుదానాలున్నాయి. దేశంలో వసూలైన మూల్యాభివృద్ధి పన్ను, దేశీయ ఎక్సైజు సుంకాలలో 70 శాతం కేంద్రానిది, 15 శాతం ప్రదేశ్‌లది, 15 శాతం స్థానిక ప్రభుత్వాలది. పంపకపు సూత్రంలో జనాభాకు పెద్ద భారం ఉంది. ఆషాఢం 10వ తేదీలోగా గావుసభ ముందు బడ్జెట్ ఉంచాలి. స్వంత ఆదాయం అత్యల్పంగా ఉన్న సింజా వంటి చోట బడ్జెట్ అంటే ఎక్కువగా కాఠ్మండూ పంపిన సశర్త నిధిని, అది చెప్పిన పనికే, ఖర్చు పెట్టడం. ప్రముఖ ప్రశాసకీయ అధికారి సంఘప్రభుత్వపు ఉద్యోగి. ఆయన బదిలీ అయితే దస్త్రాలు ఆగుతాయి. రాజ్యాంగం ప్రభుత్వమన్నది, కోశాగారం ఇంకా శాఖ అంటున్నది.

6. లెక్కకు వచ్చినవారు

నేపాల్‌లో తొలి జనగణన 1911లో జరిగింది. లెక్క 56,38,749. 1920లో అది 55,73,788కి, 1930లో 55,32,574కి తగ్గింది. మొదటి ప్రపంచయుద్ధంలో గోర్ఖా సైనికుల మరణాలు, 1918 విషజ్వరం ఇందుకు కారణాలని సాధారణంగా చెబుతారు. ఇవి సరైనవే. అయితే రాణాల లెక్క పన్నుకూ సైన్యపు భర్తీకీ ముడిపడినదని జనానికి తెలుసు. జిమ్మావాల్‌కు దొరకకుండా ఉండడం నేర్చిన ఇల్లు గణకునికి దొరకాలన్న నియమమేమీ లేదు. ఆధునిక పద్ధతిలో జరిగిన తొలి గణన 1952–54 నాటిది. అదైనా దేశపు తూర్పుభాగంలో 1952లో, పశ్చిమభాగంలో 1954లో విడివిడిగా జరిగింది. కర్ణాలీ అప్పుడూ రెండో విడతే.

2001 జనగణన యుద్ధం మధ్యలో జరిగింది. అనేక వార్డులలోకి గణకులు పోలేకపోయారు. ఆ సంవత్సరపు జనాభాగా ఉదహరించే 2,31,51,423లో వాస్తవంగా లెక్కించినవారు 2,27,36,934 మంది మాత్రమే. తక్కిన నాలుగు లక్షల పైచిలుకు అంచనా. జుమ్లా జిల్లా జనాభా 2001లో 89,427. 2011లో 1,08,921. పదేళ్ళలో దాదాపు 22 శాతం పెరుగుదల ఇది. దేశపు సగటు కంటే ఎంతో ఎక్కువ. యుద్ధకాలపు గణనను ఆధారసంవత్సరంగా తీసుకొన్న ఏ వృద్ధిరేటునైనా సందేహంతో చదవాలి. 2021లో జుమ్లా జనాభా సుమారు 1,18,000. ఈసారి పెరుగుదల తొమ్మిది శాతం లోపే. అదే దశకంలో దేశం 2,64,94,504 నుండి 2,91,64,578కి, అంటే పది శాతం మేరకు, పెరిగింది. 34 జిల్లాలలో జనాభా తగ్గింది. అవి ఎక్కువగా కొండ, పర్వతజిల్లాలు. జుమ్లా ఆ జాబితాలో చేరలేదు, కాని ఆ వైపే నడుస్తున్నది.

ఇక్కడ పరిశోధకులు జాగ్రత్త పడవలసిన ఒక పద్ధతిదోషం ఉంది. 2011 గణన జరిగినప్పుడు గావుపాలికలు లేవు. ఇప్పుడు ‘ఫలానా పాలిక 2011 జనాభా’ అని చూపే అంకె పాత సమితుల వార్డులను కొత్త సరిహద్దులలో తిరిగి కూడినది. సమితి మొత్తంగా ఒక పాలికలో చేరినచోట చిక్కు లేదు. సమితిని చీల్చినచోట కూడిక ఎవరు చేశారన్న దానిని బట్టి ఫలితం మారుతుంది. ఇంతకంటే పెద్ద భ్రమ పట్టణీకరణ విషయంలో కలుగుతుంది. 2011లో నగరవాసులు 17 శాతం. 2021లో నగరపాలికలలో నివసించేవారు 66.17 శాతం, గావుపాలికలలో 33.83 శాతం. పదేళ్ళలో నేపాల్ నగరమయమైందని దీనికి అర్థం కాదు. 58గా ఉన్న నగరపాలికలు అన్ని శ్రేణులూ కలిపి 293 అయ్యాయి. ఎడ్లతో దున్నే పొలం నగరపాలికలో పడింది. జనసాంద్రతను బట్టి అధికారులే చేసిన తరువాతి వర్గీకరణలో నిజమైన నగరభాగం 27 శాతానికి మించలేదు.

మరి లెక్కకు రానివారెవరు? ఆరునెలలకు మించి విదేశంలో ఉన్నవారిని నేపాల్ గణన ‘అనుపస్థిత జనాభా’గా వేరుచేసి నివాసుల మొత్తంలో చేర్చదు. 2011లో వీరు 19,21,494. 2021లో దాదాపు 21,90,000. 2021లో దేశంలో నూరుగురు స్త్రీలకు 95.59 మంది పురుషులే ఉన్నారు. కర్ణాలీ మనుషులకు గల్ఫ్ కంటే పాత దారి దక్షిణానికి ఉంది. కుమావూ, హిమాచల్ కొండలలో కూలికి పోవడాన్ని ‘కాలాపహాడ్ పోవడం’ అంటారు. 1950 సంధి వల్ల ఆ సరిహద్దుకు పాస్‌పోర్టు అక్కరలేదు. కనుక ఆ ప్రయాణానికి దస్త్రమూ లేదు. ఆరునెలలు నిండకుండా తిరిగివచ్చేవారు నివాసులుగా, రెండునెలలు ఆలస్యమైనవారు అనుపస్థితులుగా పడతారు. ఇంటివారు గణకునికి చెప్పే మాటే ఏకైక సాక్ష్యం. కోవిడ్ వల్ల 2021 గణన జూన్ నుండి నవంబరుకు జరిగింది. జూన్‌లోనే జరిగి ఉంటే మరో చిక్కు వచ్చేది. ఆ ఋతువులో జుమ్లా, ముగు, డోల్పా పల్లెలు యార్సాగుంబా కోసం ఎత్తైన పచ్చికబయళ్ళకు పిల్లలతో సహా తరలిపోతాయి.

7. భాష అనే అంకె

మాతృభాషగా నేపాలీ శాతం 1952–54లో 48.7, 1961లో 51.0, 1971లో 52.4, 1981లో 58.4. తరువాత 1991లో 50.3, 2001లో 48.6, 2011లో 44.6, 2021లో 44.9. ఒక భాష మాట్లాడేవారు ముప్ఫై ఏళ్ళలో ఇంతగా పెరిగి తరువాతి ముప్ఫై ఏళ్ళలో ఇంతగా తరగడం సంతానసంఖ్య వల్ల జరగదు. 1981 అంకె ‘ఒకే భాష, ఒకే వేషం’ అన్న పంచాయత్ కాలపు నినాదానికి అద్దం. 1990 తరువాత జనం తమ భాషను తమ పేరుతో చెప్పుకున్నారు. 2011లో దోటేలీ ఒక్కటే 7,87,827 మందితో పట్టికలో వేరుగా నిలిచింది. అఛామీ, బైతడేలీ, బఝాంగీ కూడా చేరాయి. 2021 పట్టికలో ‘ఖస్’ అన్న పేరు సైతం కనిపిస్తుంది.

సింజాకు ఇది పరాయి చర్చ కాదు. నేపాలీ ప్రమాణరూపం కాఠ్మండూ కచేరీలలోను, కాశీ ముద్రణాలయాలలోను, డార్జిలింగ్ పాఠశాలలలోను రూపుదిద్దుకొన్నది. ‘గోర్ఖా భాషా ప్రకాశినీ సమితి’ తన పేరులో గోర్ఖాకు బదులు నేపాలీ అని మార్చుకొన్నది 1930వ దశకంలోనే. భాష పుట్టిన లోయలో మాట్లాడే జుమ్లీ నుడికారం ఆ ప్రమాణానికి దూరమైంది. 7వ అధికరణం నేపాలీని ప్రభుత్వభాషగా నిర్ణయించింది. తరాయిలోని మైథిలీ, భోజ్‌పురీ పాలికలకు ఇది భాషాసమస్య అని అందరూ ఒప్పుకుంటారు. సింజాలో సమస్య ఉన్నదని ఎవరూ అనరు, అక్కడివారు ‘నేపాలీ మాట్లాడేవారే’ గనుక. అయినా న్యాయిక సమితి ముందు నిలిచిన వృద్ధురాలు తన నుడిలో చెప్పినది కార్యదర్శి ప్రమాణభాషలో రాసుకుంటాడు. ఆమె చదవలేని రూపంలోనే అది ఆమె వాఙ్మూలంగా ఉండిపోతుంది.

8. వార్డు కార్యాలయం

సభ, కార్యపాలిక ఎంత ముఖ్యమైనా పల్లెవాసికి ప్రభుత్వం అంటే వార్డు కార్యాలయం. జననం, మరణం, వివాహం, విడాకులు, వలస అనే ఐదు ఘటనల నమోదు అక్కడే. పౌరసత్వపత్రం జిల్లా అధికారి ఇస్తాడు. కాని వార్డు అధ్యక్షుని సిఫారసు లేనిదే దరఖాస్తు కదలదు. ముఖియా ఎవరు మన ఊరివాడో చెప్పినట్లే ఈనాడు వార్డు అధ్యక్షుడూ చెబుతున్నాడు.

సామాజిక భద్రతా భత్యం ఈ నమోదు మీదనే నడుస్తుంది. వృద్ధభత్యం 1990వ దశకం నడుమ నెలకు 100 రూపాయలతో 75 ఏళ్ళు దాటినవారికి మొదలైంది. 2008 తరువాత వయోపరిమితి 70కి తగ్గగా, దళితులకు, కర్ణాలీ వాసులకు 60 ఏళ్ళకే ఇచ్చారు. 2009లో బాలభత్యం కర్ణాలీలోని ఐదేళ్ళలోపు పిల్లలందరికీ వర్తించింది. దేశంలోని ఇతరచోట్ల అది అప్పట్లో పేద దళిత కుటుంబాలకే పరిమితమైంది. ఈ భత్యం వల్ల జనన నమోదుకు ఒక కొత్త కారణం ఏర్పడింది. తరతరాలుగా జాబితా అంటే భయపడి దాగిన ఇల్లు ఇప్పుడు బిడ్డ పుట్టిన వెంటనే పేరు ఎక్కించమని వార్డుకు నడుస్తున్నది. అయితే పుట్టుకకు తల్లిదండ్రుల పౌరసత్వపత్రాలు అడుగుతారు. తండ్రి కాలాపహాడ్‌లో ఉంటే, పత్రం అతని జేబులో ఉంటే, బిడ్డ పేరు అతడు తిరిగివచ్చేవరకు ఆగుతుంది. అతడు చైత్రంలో వస్తాడు. భత్యం లెక్క నమోదైన తేదీ నుండే మొదలవుతుంది.